'బాగాలేదు' అన్న ఒక్క మాట గురించి

సభకు నమస్కారం. వేదిక మీదున్న ప్రిన్సిపాల్ గారికీ, నన్ను గుర్తుపెట్టుకుని పిలిచిన సౌండ్ ఇంజనీరింగ్ విభాగం అధ్యాపకులకీ, పొద్దుటినుంచీ ఈ స్పీకర్లతో కుస్తీ పట్టి ఆ గుయ్యిమనే చప్పుడు పోగొట్టిన ఇద్దరు విద్యార్థులకీ నా కృతజ్ఞతలు. ఆ ఇద్దరి పేర్లూ ఆహ్వానపత్రంలో లేవు. మన పనిలో ఉన్నవాళ్ళ పేర్లు ఎక్కడా ఉండవు. అందుకే ముందు వాళ్ళకి చప్పట్లు కొట్టండి. ఇంకా గట్టిగా కొట్టండి. ఆఁ, ఇప్పుడు మొదలుపెడతాను.

నా అంశం 'పాప్ ఆల్బం: విడుదల, ఆదరణ' అని వేశారు. 40 నిమిషాలు ఇచ్చారు. నేను మాట్లాడబోయే ఆల్బం నిడివి 42 నిమిషాలు. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్'. 1982 నవంబరు చివర్లో అమెరికాలో ఎపిక్ కంపెనీ విడుదల చేసింది. తొమ్మిది పాటలు.

దీని గురించి ఎవరు మాట్లాడినా లెక్కలతోనే మొదలుపెడతారు కాబట్టి ఆ లెక్కలు గబగబా చెప్పేస్తాను. అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ ఆల్బంల పట్టికలో 37 వారాలు మొదటి స్థానం. తొమ్మిది పాటల్లో ఏడు సింగిల్స్‌గా, అంటే విడి రికార్డులుగా వచ్చాయి, ఏడూ మొదటి పదిలోకి వెళ్ళాయి. 1984 ఫిబ్రవరి 28 రాత్రి మైకేల్ ఎనిమిది గ్రామీలు అందుకున్నాడు. అందులో ఏడు ఈ ఆల్బంవి, ఎనిమిదోది పిల్లల కోసం చేసిన ఒక కథ రికార్డుది. ఒక్క అమెరికాలోనే 3 కోట్ల 40 లక్షల యూనిట్లకి సర్టిఫికెట్ ఉంది. లెక్కలు అయిపోయాయి. ఇక వాటి జోలికి వెళ్ళను.

నేను వచ్చింది ఒక మధ్యాహ్నం గురించి చెప్పడానికి. ఆ మధ్యాహ్నం ఈ ఆల్బం బాగాలేదు. బాగాలేదని అక్కడున్న వాళ్ళు ఒప్పుకున్నారు. నేను చెప్పేదల్లా ఇంతే. కాకపోతే అక్కడికి చేరడానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1979 జూలైలో షికాగోలో ఒక బేస్‌బాల్ మైదానంలో జనం డిస్కో రికార్డులు, అంటే ఎక్కువగా నల్లవాళ్ళు పాడిన డ్యాన్స్ పాటల రికార్డులు, తెచ్చి పోగేస్తే, వాటిని మందుగుండు పెట్టి పేల్చేశారు. రెండు ఆటల మధ్య విరామంలో, వేలమంది చూస్తుండగా. రాక్ రేడియో స్టేషన్లు నల్లవాళ్ళ పాటలు వెయ్యడం తగ్గించేసిన కాలం అది. దాదాపు నెల తర్వాత, ఆగస్టులో, ఇరవై ఏళ్ళ మైకేల్ జాక్సన్ 'ఆఫ్ ద వాల్' అనే ఆల్బంతో వచ్చాడు. క్విన్సీ జోన్స్ నిర్మాత. లక్షల్లో అమ్ముడైంది. మరుసటి ఏడు గ్రామీ సభలో దానికి దక్కింది ఒకే ఒక్క అవార్డు, అది కూడా ఆర్ అండ్ బీ విభాగంలో, ఎక్కువగా నల్లవాళ్ళ సంగీతానికి ఇచ్చే విభాగంలో. అంటే, 'నీ గది అది, అక్కడే ఉండు' అని చెప్పినట్టు. ఆ రాత్రి తనకెంత కష్టమేసిందో, వచ్చే ఆల్బంని ఎవరూ పక్కన పెట్టలేకుండా చేస్తానని ఎలా అనుకున్నాడో తన ఆత్మకథలో రాసుకున్నాడు.

తర్వాతి ఆల్బం 1982 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్ వెస్ట్‌లేక్ స్టూడియోలో మొదలైంది. మళ్ళీ క్విన్సీ జోన్స్. శబ్దాలు కలిపే కన్సోల్ దగ్గర ఇంజనీరు బ్రూస్ స్వీడియన్. పిల్లలూ, ఈ పేరు రాసుకోండి. మీలో ఎంతమందికి ఈ పేరు తెలుసు? చేతులెత్తండి. నాలుగు. మైకేల్ వెనక్కి జారుతూ వేసే ఆ మూన్‌వాక్ తెలిసినవాళ్ళు? చూశారా.

ఈ స్వీడియన్ ఆల్బంలోని 'బిల్లీ జీన్' అనే పాటలో డ్రమ్స్ కోసం చెక్క పలకలతో ఒక తిన్నె కట్టించాడు. కాలితో కొట్టే కిక్ డ్రమ్‌కి జిప్పుతో తెరుచుకునే తొడుగు ప్రత్యేకంగా కుట్టించాడు, లోపల మైకు పెట్టి జిప్పు మూసెయ్యడానికి. వాయించినాయన లియోన్ ఎన్‌డుగు చాన్స్‌లర్. కొన్ని గొంతులు మైకేల్ చేత పొడవాటి అట్టగొట్టంలోంచి పాడించారు. బేస్ గిటార్ వాయించే లూయిస్ జాన్సన్‌ని ఇంట్లో ఉన్న గిటార్లన్నీ తెమ్మని, ఒక్కొక్కటీ వాయించి చూసి, చివరికి ఒక యమహా దగ్గర ఆగారు. పాట మొదట్లో గొంతు వినిపించేదాకా దాదాపు అర నిమిషం వట్టి డ్రమ్స్, బేసూ, కీబోర్డూనే. అది మరీ పొడుగైంది, కోసేద్దామన్నాడు క్విన్సీ జోన్స్. 'అది వింటుంటేనే నాకు డ్యాన్స్ చెయ్యబుద్ధేస్తుంది' అన్నాడు మైకేల్. ఇక ఆయన మాట్లాడలేదు.

ఆ ఒక్క పాటకీ స్వీడియన్ 91 మిక్సులు చేశాడు, అంటే విడివిడిగా రికార్డు చేసిన శబ్దాల్ని 91 రకాలుగా కలిపి చూశాడు. ఇది ఆయనే చాలాసార్లు చెప్పాడు. ఒక్కో మిక్సూ ముందుదానికంటే కొంచెం మెరుగని అనుకుంటూ పోయాడు. చివరికి క్విన్సీ జోన్స్ రెండోది ఒకసారి వేసి చూడమన్నాడు. వేశారు. మీరూ నేనూ వినేది ఆ రెండో మిక్సు. ఆ తర్వాత చేసిన 89 మిక్సులూ వృథా అని మీలో ఎవరైనా అనుకుంటే నేను ఒప్పుకోను. అవి చేశాక గానీ రెండోది ఏమిటో వాళ్ళకి వినపడలేదు.

ఇంకొక్క చిన్న సంగతి, ఇది నాకు మహా ఇష్టం. 'హ్యూమన్ నేచర్' అనే పాట ఈ ఆల్బంలోకి ఎలా వచ్చిందంటే, టోటో అనే రాక్ బృందంలోని డేవిడ్ పైచ్ తన పాటల క్యాసెట్ ఒకటి పంపాడు. ఒక వైపు అయిపోయింది, ఎవరూ ఆపలేదు, క్యాసెట్ అలా తిరుగుతూ రెండో వైపుకి వెళ్ళింది. అక్కడ అదే బృందంలోని స్టీవ్ పొర్కారో సగం సగం పాడి పెట్టుకున్న ముక్క ఒకటి ఉంది, మాటలు కూడా పూర్తిగా లేవు. అది విని క్విన్సీ జోన్స్ లేచి కూర్చున్నాడు. తర్వాత జాన్ బెట్టిస్ మాటలు రాశాడు. ఎవరైనా స్టాప్ బటన్ నొక్కి ఉంటే ఆ పాట లేదు. టేపు చివరిదాకా వినండి. ఎవరిదైనా సరే, చివరిదాకా వినండి.

ఇక ఆ మధ్యాహ్నానికి వస్తున్నాను. అక్టోబరులోనే బీటిల్స్ బృందంలో ఒకడైన పాల్ మెకార్ట్‌నీతో కలిసి పాడిన పాట సింగిల్‌గా బయటికి వచ్చేసింది. కంపెనీ తేదీ చెప్పేసింది. నవంబరు మొదటి వారానికి పని ఇంకా తెమల్లేదు. ఆఖరి రాత్రి తెల్లవార్లూ పనిచేశారు. స్వీడియన్ టేపులు పట్టుకుని బెర్నీ గ్రండ్‌మన్ దగ్గరికి మాస్టరింగుకి, అంటే టేపులోని శబ్దాన్ని ప్లేటు మీద గాడిగా కోయించడానికి, వెళ్ళాడు. క్విన్సీ జోన్స్ మైకేల్‌ని ఇంటికి తీసుకెళ్ళి సోఫా మీద పడుకోబెట్టి దుప్పటి కప్పాడు. మూడు గంటల నిద్ర. మధ్యాహ్నం అందరూ స్టూడియోలో కూడారు. పాటలు రాసిన రాడ్ టెంపర్టన్, మేనేజర్లు, కంపెనీ మనిషి, అందరూ. కోసి తెచ్చిన రికార్డు వేశారు.

బాగాలేదు. పీలగా ఉంది.

ఎందుకు పీలగా ఉందో చూపిస్తాను. ఇది నా సొంత రికార్డు, తొడుగు అంచులు చిరిగిపోయాయి, ఏమీ అనుకోకండి. లైటు కింద ఇలా వంచితే ముందు వరుసవాళ్ళకి కనిపిస్తుంది. ముల్లు నడిచే ఈ గాడి ఒకే రంగులో లేదు. కొన్ని పట్టీలు నల్లగా, కొన్ని బూడిదరంగులో మెరుస్తూ ఉన్నాయి. శబ్దం పెద్దగా ఉన్నచోట గాడి అటూ ఇటూ ఊగుతుంది. బేస్, అంటే మంద్రంగా మోగే శబ్దం, ఉన్నచోట ఇంకా ఎక్కువ ఊగుతుంది. ఊగడానికి చోటు కావాలి, పక్క గాడికి తగలకూడదు. ఒక వైపున పద్దెనిమిది, ఇరవై నిమిషాలుంటే గాడులు వెడల్పుగా, లోతుగా కోసుకోవచ్చు. అంతకు మించి ఇరికిస్తే గాడులు ఒకదానికొకటి ఆనుకుంటాయి, శబ్దం తగ్గించి కొయ్యాల్సిందే, ముందుగా పోయేది బేసే. వాళ్ళు ఒక్కో వైపూ మరీ ఎక్కువ నిమిషాలు పెట్టేశారు. 91 మిక్సులు చేసి, జిప్పులు కుట్టించి పట్టుకున్న ఆ డ్రమ్ము, ఆ బేసు, గాడిలో చోటు లేక చచ్చిపోయాయి.

మైకేల్‌కి కన్నీళ్ళొచ్చాయి. ఇది కూడా అతనే రాసుకున్నాడు. దీన్ని విడుదల చెయ్యనివ్వనని గది బయటికి వెళ్ళిపోయాడు.

ఆ గదిలో ఉన్నవాళ్ళని తలుచుకోండి. సింగిల్ బయట తిరుగుతోంది. తేదీ ఖాయమైపోయింది. పెట్టిన డబ్బు ఏడున్నర లక్షల డాలర్లు, ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. అమెరికా రికార్డు కంపెనీలన్నీ అమ్మకాలు పడిపోయి లబోదిబోమంటున్న సంవత్సరం. 'పరవాలేదులే, ఎవరికి తెలుస్తుంది, క్యాసెట్‌లో బాగానే ఉంటుందిలే' అనడానికి ఇంతకంటే కారణాలు ఎవరికి కావాలి?

ఇక్కడ నేను రాసుకొచ్చిన కాగితంలో ఎంటీవీ అనే పాటల టీవీ చానెల్ గురించి ఉంది. దాని దగ్గరికి వెళ్ళేముందు ఒక విషయం చెప్పకుండా ఉండలేను. ఈ మాట చెప్పాలనే అసలు ఈ అంశం ఒప్పుకున్నాను.

1992లో నేను మద్రాసులో ఒక స్టూడియోలో అసిస్టెంటుని. టేపులు ఎక్కించడం, హెడ్లు తుడవడం, ట్రాక్ షీట్లు రాయడం నా పని. ఒక అమ్మాయి ప్రైవేటు ఆల్బం రికార్డు చేశాం. ఎనిమిది పాటలు. పంతొమ్మిదేళ్ళ పిల్ల. నిలబడి కళ్ళు మూసుకుని పాడేది, పాట అయిపోయాక కూడా హెడ్‌ఫోన్ తియ్యకుండా ఆ చివరి స్వరం పూర్తిగా ఆగేదాకా వినేది. అలా వినేవాళ్ళని నేను తర్వాత ఇద్దరినో ముగ్గురినో చూశానంతే.

మిక్సింగ్ రెండు రాత్రుల్లో అయిపోవాలన్నారు. ఆడియో కంపెనీ వాళ్ళు క్యాసెట్ విడుదల సభకి కార్డులు వేయించేశారు, ఎవరో పెద్దాయన వస్తున్నారు. రెండో రాత్రి తెల్లవారుజామున పూర్తయింది. ఒక కాపీ తీసి కింద కారు స్టీరియోలో వేసి విన్నాం. గొంతంతా ఎకోలో మునిగిపోయింది. మాటలు తెలియడం లేదు. తబలా మీద కీబోర్డు బేస్ పడి రెండూ ఒకే ముద్దయ్యాయి. మా సీనియర్‌కి తెలుసు. సంగీతం చేసినాయనకి తెలుసు. అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ అమ్మాయి వెనక సీట్లో వాళ్ళ నాన్నగారి పక్కన కూర్చుని ఉంది. నా వైపు వంగి, 'అన్నా, బాగానే వచ్చిందా?' అని అడిగింది.

'బాగుందమ్మా' అన్నాను.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఉద్యోగం పోతుందని భయం. అసిస్టెంటు మాట ఎవరు వింటారులే అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఎవరూ వినేవాళ్ళు కారేమో. కానీ నన్ను అడిగింది ఆ కంపెనీ కాదు, ఆ పిల్ల. ఆ పిల్లకైనా చెప్పలేదు.

క్యాసెట్ వచ్చింది. సభ బాగా జరిగింది, శాలువాలు కప్పారు. మూడు నెలలకి షాపులనుంచి పెట్టెలకి పెట్టెలు రిటర్న్ వచ్చాయి. ఆ పెట్టెలు మా స్టూడియో మెట్ల కింద సంవత్సరం పైన ఉన్నాయి. పొద్దున వచ్చినప్పుడూ రాత్రి వెళ్ళినప్పుడూ వాటి పక్కనించే నడిచేవాణ్ణి. పత్రికలో వచ్చిన నాలుగు వాక్యాల సమీక్షలో 'గాయని ఉచ్చారణ స్పష్టంగా లేదు' అని రాశారు. ఆ పిల్ల ఉచ్చారణ అద్దంలా ఉండేది. ఆ మాటే నన్ను ఇప్పటికీ నిద్ర పోనివ్వదు. తప్పు మాది, పేరు పోయింది ఆమెది. ఆమె రెండో ఆల్బం చెయ్యలేదు.

ఒక్క నిమిషం. నీళ్ళు ఇలా ఇవ్వండమ్మా.

సరే. వెస్ట్‌లేక్‌లో ఆ రోజు ఏం జరిగిందో చెబుతాను. క్విన్సీ జోన్స్ అందరినీ రెండు రోజులు చెవులకి విశ్రాంతి ఇమ్మన్నాడు. ఇది కూడా రాసుకోండి: అలిసిపోయిన చెవితో తప్పుల్ని దిద్దకూడదు. తర్వాత మళ్ళీ కూర్చుని, ఒక్కో పాట తీసి మళ్ళీ మిక్స్ చేశారు. గాడికి చోటు చెయ్యడానికి కోతలు పడ్డాయి. 'బిల్లీ జీన్' మొదటి భాగం, అంటే మైకేల్ పట్టుబట్టి నిలబెట్టుకున్నదే, అందులోనూ కొంత పోయింది. చివరి పాటలో ఒక చరణం పోయింది. అంత కష్టపడి చేసినవాళ్ళు తమ చేత్తోనే కోశారు. ఇప్పుడు చూడండి, మొదటి వైపు 20 నిమిషాలు, రెండో వైపు 22 నిమిషాలు. ఆ పీలగొంతు పోయింది. డ్రమ్ము మళ్ళీ గుండెలకి తగిలింది.

విడుదలకి మూడు వారాలు కూడా లేవు. అప్పుడు చేశారు ఇది!

ఆదరణ గురించి చెప్పమన్నారు కదా, చెబుతాను. టైమ్ అయిపోవచ్చిందని ప్రిన్సిపాల్ గారు గడియారం చూస్తున్నారు, రెండు మూడు కాగితాలు వదిలేస్తాను. మొదట్లో అంత ఊపేమీ లేదు. మెకార్ట్‌నీతో పాడిన మెత్తని పాట విని, ఆల్బమంతా ఇలాగే ఉంటుందేమోనని కొందరు అనుకున్నారు. 1983 జనవరిలో 'బిల్లీ జీన్' సింగిల్‌గా వచ్చింది. ఫిబ్రవరి చివరికి ఆల్బం మొదటి స్థానానికి ఎక్కింది. 'బీట్ ఇట్' పాటలో రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ చేత గిటార్ వాయింపించారు, ఆయన ఒక్క డాలరు కూడా తీసుకోలేదు. ఆ గిటార్ దెబ్బకి, నల్లవాళ్ళ పాటలకి తలుపులు మూసిన రాక్ స్టేషన్లు ఈ పాట వెయ్యక తప్పలేదు. ఎంటీవీ అప్పటికి రెండేళ్ళు కూడా నిండని చానెల్, అందులో దాదాపు అందరూ తెల్లవాళ్ళే కనిపించేవాళ్ళు. 'బిల్లీ జీన్' వీడియో వెయ్యకపోతే మా గాయకులందరి వీడియోలూ వెనక్కి తీసుకుంటామని బెదిరించానని ఎపిక్ మాతృసంస్థ సీబీఎస్ రికార్డ్స్ పెద్ద వాల్టర్ యెట్నికాఫ్ తర్వాత చెప్పుకున్నాడు. అలాంటిదేమీ జరగలేదని ఎంటీవీ వాళ్ళన్నారు. ఏది నిజమైనా వీడియో పడింది, రోజుకి ఎన్నోసార్లు పడింది.

1983 మే 16న, మైకేల్ చిన్నప్పుడు పాడిన మోటౌన్ రికార్డు కంపెనీ పాతికేళ్ళ వేడుక టీవీలో వచ్చింది. ఒక చేతికి మెరిసే గ్లోవ్, తల మీద టోపీ, వెనక్కి జారుతున్న ఆ అడుగు. మర్నాడు హాలీవుడ్ డ్యాన్సర్ ఫ్రెడ్ ఆస్టైర్ స్వయంగా ఫోన్ చేసి మెచ్చుకున్నాడని మైకేల్ గర్వంగా రాసుకున్నాడు. ఏడాది చివర్లో ఆల్బం కొంచెం నెమ్మదించగానే సినిమా దర్శకుడు జాన్ లాండిస్ చేత 'థ్రిల్లర్' పాటకి దాదాపు 14 నిమిషాల వీడియో తీయించారు. దానితో మళ్ళీ మొదటి స్థానం. ఆ వీడియో ఇవాళ, భద్రపరచాల్సిన సినిమాల జాబితా అయిన అమెరికా నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో ఉంది. మైకేల్ మీద తర్వాతి కాలంలో వచ్చిన తీవ్రమైన ఆరోపణలు నాకు తెలియనివి కావు, వాటిని చిన్నవి చేసి మాట్లాడే ఉద్దేశం కూడా లేదు. ఈ వేళ నేను మాట్లాడుతున్నది 1982 నవంబరులో ఆ గదిలో జరిగిన పని గురించి.

ఇదంతా విని, 'అలా చెయ్యడానికి వాళ్ళకి డబ్బుంది, పేరుంది, క్విన్సీ జోన్స్ ఉన్నాడు' అని మీలో ఎవరో అనుకుంటూ ఉంటారు. నేనూ చాలా ఏళ్ళు అదే అనుకున్నాను. కానీ బాబూ, ఆ కారులో నా దగ్గర లేనిది డబ్బు కాదు. 'ఎకో తగ్గించాలమ్మా, ఇంకొక్క రాత్రి కావాలి' అనడానికి నాకు పైసా ఖర్చు లేదు. మీరు రేపు ఎక్కడో అసిస్టెంటుగా చేరతారు. ఇవాళ ప్లేటు కొయ్యక్కర్లేదు, బటన్ నొక్కితే పాట లోకమంతా వెళ్ళిపోతుంది. తప్పని తెలిసినా, 'ముందు వదిలేద్దాం, తర్వాత చూసుకుందాం' అనడం ఇంకా సులువైపోయింది. మిమ్మల్ని కూడా ఎవరో అడుగుతారు, బాగానే వచ్చిందా అని. అప్పుడు ఏం చెబుతారు? నాకు చెప్పకండి, ఆలోచించుకోండి.

ఆఖరికి ఒక సాయం అడుగుతాను. ఆ స్టూడియో మూసేసినప్పుడు పాత టేపులన్నీ తూకానికి వేస్తుంటే నేను ఆ ఎనిమిది పాటల టేపులు ఇంటికి తెచ్చుకున్నాను. రెండు అంగుళాల టేపు, 24 ట్రాకులు, మూడు స్పూల్స్. ట్రాక్ షీట్లు నా చేతిరాతలోనే ఉన్నాయి. ఆమె గొంతు పదకొండో ట్రాకులో ఉంది, ఎకో లేకుండా, పొడిగా, ఎలా పాడిందో అలా. గట్టిగా చెబుతున్నాను, ఆ గొంతుకి ఏమీ కాలేదు. పాడుచేసింది మా మిక్సింగే.

పోయిన నెల ఎలాగో ఆమె నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఆ రోజు కారులో అబద్ధం చెప్పానని చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'అన్నా, అంటే ఉచ్చారణ నాది బాగానే ఉందా?' అని అడిగింది. ముప్ఫై ఏళ్ళు దాటింది, ఆమె ఇంకా ఆ సమీక్షలోని మాటే మోస్తోంది.

మీ కాలేజీలో ఆ టేపు ఆడించే మిషను ఉందని విన్నాను. టేపు పాతది, పైపూత జిగటగా మారి ఉంటుంది, ముందు సన్నటి వేడిలో ఆరబెట్టాలి, తొందరపడితే పొర ఊడొస్తుంది. ఆ పని నాకు తెలుసు. కంప్యూటర్లోకి ఎక్కించడం, మళ్ళీ మిక్స్ చెయ్యడం మీకు నాకంటే బాగా తెలుసు. ప్రిన్సిపాల్ గారూ, మీరు ఒప్పుకుంటే ఆదివారం పొద్దున తొమ్మిదింటికి నేను స్పూల్స్ తీసుకుని వస్తాను. ఎంతమంది వస్తారు? చేతులెత్తండి. పర్లేదు, ఎనిమిది మంది చాలు, తలా ఒక పాట.

మిక్సులయ్యాక ఆమె వస్తానంది. మన పక్కనే కూర్చుని వింటుంది. బాగాలేకపోతే ఆమె ముందే చెప్పాలి.

సరే, మిగిలిన సమయం ఆ రికార్డుకి ఇస్తున్నాను. రెండో వైపు, రెండో పాట. ముల్లు ఇక్కడ పెడుతున్నాను. గొంతు వచ్చేదాకా ఎవరూ మాట్లాడకండి, వట్టి డ్రమ్ము వినండి. వెనక వరుసల్లో వాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.